రెండో సగం ఆడని జట్టు

విలోబెండ్, నెబ్రాస్కా
1982 సెప్టెంబరు 13

అత్తయ్యా,

మీ ఉబ్బసం ఎలా ఉంది? అరిజోనా ఎండ మీకు పడిందని రోజీ పిన్ని రాసిన కార్డు చూసి ఊపిరి పీల్చుకున్నాం. ఇక్కడ మొక్కజొన్న ఇంకా కోతకు రాలేదు. నిన్న మీ పద్ధతిలో గసగసాలు పెట్టిన తీపి బన్నులు, కొలాచీలు చేశాను. పిండి పొంగలేదు. ఎమిల్ నాలుగు తిని, "అచ్చం అమ్మ చేసినట్టే ఉన్నాయి" అన్నాడు. అబద్ధమాడితే తన చెవులు ఎర్రబడతాయని మీరే కదా నాకు చెప్పారు!

కాలేజీలో ఎమిల్ ఆడించే ఫుట్‌బాల్ జట్టు సంగతి రాయమన్నారు. మొదటి రెండు ఆటలూ పోయాయి. పెద్ద తేడాతో కాదని రాయమన్నాడు మీ అబ్బాయి. నాకు ఆట తెలియదని మీకు తెలుసు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా, బంతి ఎవరి చేతిలో ఉందో నేను కనిపెట్టేసరికి అందరూ ఒకరి మీద ఒకరు గుట్టగా పడి ఉంటారు. ఈ ఏడు పిల్లల కాళ్ళకు పట్టీలు కట్టే మనిషిని కూడా కాలేజీ తీసేసింది. ఆ పనీ ఎమిలే చేసుకుంటున్నాడు. ఇంటికొచ్చేసరికి చేతుల నిండా బంక.

మిగతాదంతా మామూలే, బెంగపెట్టుకోకండి. ఇరవై ఆరేళ్ళు కోచ్ భార్యగా ఉన్నారు మీరు. శనివారం సాయంత్రం ఓడి ఇంటికొచ్చిన మనిషితో ఏం మాట్లాడాలో కాస్త రాయండి.

మీ కోడలు,
సిగ్నీ

కాసా ఆల్టా, అరిజోనా
సెప్టెంబరు 19

అమ్మాయ్ సిగ్నీ,

నీ ఉత్తరమూ మన వీధి ఆగ్నెస్ బీలెక్ ఉత్తరమూ ఒకే రోజు వచ్చాయి. నీ దాంట్లో పిండి పొంగలేదని ఉంది. ఆవిడ దాంట్లో మన ఇంటి ముందు 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు ఉందని ఉంది.

నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా? ఆ ఇంటి మెట్లు మీ మామయ్య తన చేత్తో పోశాడు. ఎమిల్ అక్కడే పుట్టాడు, పక్కనున్న పెద్దాసుపత్రికి వెళ్ళే వ్యవధి కూడా ఇవ్వకుండా. నీకు మొదటినుంచీ మా ఊరంటే చిన్నచూపు. వాణ్ణి ఈ ఉద్యోగం మాన్పించి, మిన్నెసోటాలో మీ అన్నల పడవల కొట్లో కూర్చోబెట్టాలని నీ ఆలోచన. నేను ముసలిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు.

మీ మామయ్య కోచ్‌గా ఉన్నప్పుడు శనివారం మధ్యాహ్నం ఊళ్ళో మంగలి షాపు కూడా మూసేసేవాడు. చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్ల మీద వచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళు పెట్టుకునేవాళ్ళు ముందు ఆటల తేదీలు కనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఆ జట్టుని నిలబెట్టాల్సిన సమయంలో ఇల్లమ్ముకుంటారా?

ఓడి వచ్చిన మనిషితో ఏమీ మాట్లాడకూడదు. వేడిగా సూపు పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోవాలి. గెలిచి వచ్చినా అంతే.

లీడా హావ్రనెక్

విలోబెండ్
సెప్టెంబరు 24

అత్తయ్యా,

పూర్తి పేరుతో సంతకం పెట్టారు. కోపం తెలిసింది.

ఆ బోర్డు మేము పెట్టలేదు. జట్టు ఓడిన మర్నాడు కోచ్ ఇంటి ముందు గడ్డిలో ఇలాంటి బోర్డు పాతిపోవడం జనానికి వేళాకోళం. ఊరొదిలి పొమ్మని అర్థం. మామయ్య గెలుస్తూ ఉండేవారు కాబట్టి మీ కంట పడలేదు. మొదటిదాన్ని ఎమిల్ పీకి గ్యారేజీలో పెట్టాడు. ఇప్పటికి అక్కడ ఇంకో రెండు చేరాయి. ఒకటి ఆగ్నెస్ గారి మనవడే పాతాడని నా అనుమానం. ఆవిడ అంత త్వరగా మీకు రాయగలిగారంటే మరి!

మా అన్నలు పడవల కొట్టు అమ్మేసి ఏడాదైంది. ఉద్యోగం మానొద్దని ఎమిల్‌ని బతిమాలుతున్నది నేనే. నలభై ఏడేళ్ళ మనిషి, ఇది తప్ప ఇంకో పని తెలియదు. మానేస్తే ఏమైపోతాడోనని నా భయం.

దాచి లాభం లేదు, ఉన్నది రాస్తాను. మామయ్య పేరున్న మైదానంలో సగం బెంచీలు కుళ్ళిపోయి తాళ్ళు కట్టేశారు. కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్న ప్రతి కుర్రాణ్ణీ పెద్ద యూనివర్సిటీలు ఎగరేసుకుపోతున్నాయి. పొలాలు వేలానికి పోతుంటే మిగిలిన పిల్లలు చదువు మానేసి పనుల్లోకి వెళ్తున్నారు. పోయినవారం ఎమిల్ ఇద్దరు కుర్రాళ్ళ కోసం మాంసం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి వచ్చాడు. వాళ్ళలో ఒకడే జట్టులోకి తిరిగి వచ్చాడు.

ఇప్పుడు కొత్త ప్రెసిడెంట్ ప్రెంటిస్ గారు ఒక ఏర్పాటు చేశారు. అక్టోబరు 9న మన జట్టు మీ కాసా ఆల్టా యూనివర్సిటీతో, వాళ్ళ మైదానంలోనే ఆడుతుంది. వాళ్ళకి చెయ్యి తిరగడానికి ఒక తేలికపాటి జట్టు కావాలి. అందుకు మన కాలేజీకి డబ్బిస్తారు. "చితక్కొట్టించుకోవడానికి అద్దెకు వెళ్తున్నాం" అన్నాడు ఎమిల్, ప్లేటు కడుగుతూ. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మీరు చూడొచ్చని రాస్తున్నాను. మీ అబ్బాయి ఎలా ఉన్నాడో మీ కళ్ళతో మీరే చూడండి.

సిగ్నీ

కాసా ఆల్టా
సెప్టెంబరు 30

అమ్మాయ్,

మీ అన్నలు పడవలు అమ్మేశారని నాకెవరు చెప్పారు? చెప్పని సంగతి నాకెలా తెలుస్తుంది? సరే, పోనీ.

రోజీ టిక్కెట్లు తెచ్చేసింది. మైదానం మధ్య గీతకు ఎదురుగా, కింది వరుసలో. దీనికి ఆట తెలియదు. అందుకని నిన్నటినుంచీ టేబుల్ మీద ఉప్పుబుడ్లూ మిరియాల బుడ్లూ పెట్టి పాఠం చెబుతున్నాను. నీకన్నా త్వరగానే పట్టుకుంది.

ఎమిల్‌తో చెప్పు, పెద్ద జట్టుని చూసి బెదరొద్దని. ముప్ఫై ఎనిమిదిలో మీ మామయ్య ఇంతకన్నా పెద్దవాళ్ళ మీదికి వెళ్ళాడు. బురదలో, వానలో, ముక్కులు పగిలి. ఓడారు. కానీ చివరి నిమిషం దాకా నిలబడి ఓడారు. తిరిగొచ్చినప్పుడు స్టేషన్లో బ్యాండు మేళం పెట్టి దింపుకున్నారు వాళ్ళని.

జట్టు మొత్తానికి కొలాచీలు చేస్తున్నాను. పొంగుతాయి. ఆట అయ్యాక బస్సు దగ్గర నిలబడతాను. ఎర్ర టోపీ పెట్టుకుంటాను, గుంపులో వాడికి కనబడేలా.

మీ అత్తయ్య

విలోబెండ్
అక్టోబరు 13

అత్తయ్యా,

మీరెందుకు రాలేదు? ఒంట్లో బాగోలేదా? రోజీ పిన్ని ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఎమిల్ బస్సు గంటకు పైగా ఆపి మీ కోసం చూశాడట. డ్రైవరు హారన్ కొడుతుంటే కూడా మెట్టు మీద నిలబడి ఎర్ర టోపీ కోసం వెతికాడని జట్టు పిల్లలు చెప్పారు. తనైతే ఇంటికొచ్చి, "అమ్మకి ఎండ పడి ఉండదు" అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

మీరు ఆటకే రాలేదేమో. అందుకని నేను విన్నది రాస్తున్నాను. మొదటి సగం అయ్యేసరికి నలభై ఎనిమిది – సున్నా. అది కాదు విషయం. బంతి విసిరేవాడికి ముందు కాపలా కాస్తాడే, డేల్ అని, వెల్మా ఓస్ట్రాండర్ గారి అబ్బాయి, వాడి మెడకు దెబ్బ తగిలింది. విశ్రాంతి గదిలో ఎమిల్ పిల్లలందర్నీ ఒక్కొక్కరినీ చూసి, బయటికెళ్ళి రిఫరీతో, "మా జట్టు రెండో సగం ఆడదు" అని చెప్పాడు.

ప్రెంటిస్ గారు పైనుంచి పరిగెత్తుకొచ్చారట. "ఎమిల్, సగం ఆటకి వాళ్ళు ఒక్క సెంటు కూడా ఇవ్వరు. హాస్టల్ పైకప్పు ఆ డబ్బుతోనే వేయించాలి, ఆలోచించావా?"

"అయితే మీరు దిగండి సార్. డేల్ హెల్మెట్ ఖాళీగానే ఉంది" అన్నాడట మీ అబ్బాయి.

ఊరంతా భగ్గుమంటోంది. కిరాణా కొట్లో నాతో ఎవరూ మాట్లాడడం లేదు. పాత ఆటగాళ్ళు ఫోన్లు చేసి మామయ్య పేరు తుడిచేశావని తిడుతున్నారు. అన్నీ వింటాడు, "అవునండీ" అని పెట్టేస్తాడు. ఆ మాట ఒక్కటే తనని తినేస్తోందని నాకు తెలుసు. అత్తయ్యా, మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. "మీ నాన్న ఉన్నా ఇదే చేసేవాడు" అని ఒక్క వాక్యం రాయండి తనకి. ఒక్కటి చాలు.

ఇంకొకటి. డేల్‌ని అక్కడ మీ ఊరి ఆసుపత్రిలోనే ఉంచారు. వాళ్ళమ్మ బస్సులో వస్తోంది గానీ అక్కడ వాళ్ళకి తెలిసినవాళ్ళు లేరు. ఒకసారి చూసిరాగలరా?

సిగ్నీ

కాసా ఆల్టా
అక్టోబరు 17

సిగ్నీ,

ఆటకి వచ్చాను. ఒంట్లో బాగానే ఉంది.

విను. సగం ఆట అయ్యాక వాళ్ళ బ్యాండు వాయించింది. పిల్లలు మళ్ళీ వస్తారని చూస్తున్నాను. రాలేదు. మైకులో చెప్పారు, విలోబెండ్ కాలేజీ ఆట వదిలేసిందని. అంత పెద్ద మైదానం ఒక్కసారి నవ్వింది. నా వెనక వాడెవడో పాప్‌కార్న్ నములుతూ, "వీళ్ళు ఇంటికెళ్ళి బొమ్మలతో ఆడుకుంటారేమో" అన్నాడు. నా కొడుకు ఆ నవ్వు మధ్యలోంచి తలెత్తుకుని నడిచి వెళ్ళాడు. తలెత్తుకుని! అదే నాకు అర్థం కాలేదు. నేను టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాను. రోజీని లాక్కుని ఇంటికొచ్చేశాను. నాలుగు డజన్ల కొలాచీలూ చర్చిలో ఇచ్చేశాం. ఫోన్ మోగితే ఎత్తొద్దన్నది నేనే.

దెబ్బ తగిలినవాణ్ణి పక్కన పెట్టి ఇంకొకణ్ణి దింపాలి. ఆటంటే అదే. నువ్వడిగిన వాక్యం నేను రాయను. మీ మామయ్య అలా చేసేవాడు కాదు. ఆయనతో ముప్ఫై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను, నాకు తెలుసు. పోయిన మనిషి నోట్లో ఆయన అనని మాట పెట్టమంటావా, నీ మొగుణ్ణి ఊరుకోబెట్టడానికి?

ఆసుపత్రికి వెళ్ళే ఓపిక లేదు.

లీడా హావ్రనెక్

విలోబెండ్
అక్టోబరు 22

అత్తయ్యగారికి,

బుధవారం మన ఊరి పేపరు వచ్చింది. మొదటి పేజీలో మామయ్య ఫోటో, దాని కింద మీరు ఆగ్నెస్ గారికి రాసిన ఉత్తరంలోంచి రెండు వాక్యాలు. "ఆ రోజు ఆ మైదానంలో ఉన్నవాడు హావ్రనెక్ కాదు. వాడి తండ్రి బతికి లేకపోవడమే మేలైంది."

ఎమిల్ అది మంగలి షాపులో చూశాడు. కుర్చీలో కూర్చుని ఉండగా పక్కవాడు చేతికిచ్చాడట. చదివి, మెడ చుట్టూ ఉన్న గుడ్డ తనే విప్పేసి, డబ్బులు పెట్టి ఇంటికొచ్చేశాడు. ఒక పక్క జుట్టు కత్తిరించి ఉంది, ఇంకో పక్క లేదు. అలాగే వంటింట్లో కూర్చున్నాడు. మిగతా సగం నేను కత్తిరించాను. కత్తెర చెవి దగ్గరికి వచ్చేసరికి, "చెవి జాగ్రత్త" అన్నాడు. అంతే.

మర్నాడు ట్రస్టీల సమావేశం. ప్రెంటిస్ గారు ఆ కాగితం లేచి చదివారు. వాళ్ళ అమ్మగారే అంటుంటే మనమేం చెప్తామన్నారు. ఈ ఏటితో ఫుట్‌బాల్ ఎత్తేస్తున్నారు. ఎమిల్ ఉద్యోగం కూడా దాంతోపాటే. నవంబరు 6న ఇక్కడే ఆఖరి ఆట. అప్పటిదాకా ఉండమన్నారు, వేరే ఎవరూ రామన్నారు కాబట్టి.

నేను మిమ్మల్ని ఒక్క వాక్యం అడిగాను. అది ఇవ్వలేదు, సరే. ఊరికి ఇంకొకటి ఇచ్చారు. ఇక నేను రాయలేను.

సిగ్నీ

కాసా ఆల్టా
అక్టోబరు 28

అమ్మా సిగ్నీ,

పేపరు కోసం రాయలేదు. ఆట చూసి వచ్చిన సాయంత్రం, కోపం చల్లారకముందే ఆగ్నెస్‌కి రాశాను. ఆవిడ అలా చేస్తుందనుకోలేదు. కానీ రాసింది నేనే. ఆ మాటలు నావే. ఇంతకన్నా చెప్పుకోవడానికి లేదు.

నీ ఉత్తరం చదివి నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. ఇంట్లో కూర్చోలేకపోయాను.

ఆ డేల్‌కి మెడ చుట్టూ ఇనుప చట్రం బిగించారు. వెల్మా పక్కన కూర్చుని వాడికి చెంచాతో యాపిల్ గుజ్జు పెడుతోంది. నేనెవరో చెప్పాను. ఆవిడ లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. తిడుతుందని అనుకున్నాను. పేపరు సంగతి వాళ్ళకింకా తెలియదు.

ఆ కుర్రాడు చెప్పాడు. "ఆట మధ్యలో నాకు ఎడమ చెయ్యి తెలియలేదు మిసెస్ హావ్రనెక్. కానీ నేను చెప్పలేదు. కోచ్ వచ్చి, వేళ్ళు కదుపు అన్నాడు. కుడి చెయ్యి కదిపి చూపించా. ఎడమది అన్నాడు. బాగానే ఉంది సార్, ఆడతా అన్నా. ఆయన నా గ్లవ్ ఊడదీసి, కళ్ళు మూసుకోమని, నేను ఏ వేలు పట్టుకున్నానో చెప్పు అన్నాడు. చెప్పలేకపోయా."

"మరి నిన్నొక్కణ్ణీ ఆపితే సరిపోయేది కదా?" అన్నాను. చూడు, అప్పటికీ నా బుద్ధి పోలేదు.

"తర్వాత అందరినీ అలాగే చూశాడు. మా రాండీ పక్కటెముక విరిగినా చెప్పలేదు. ఒకడికి తను ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియలేదు. కోచ్ బల్ల మీద కూర్చుని, ఒకడు అబద్ధం చెబితే కోప్పడగలను రా, అందరూ నా కోసం అబద్ధం చెబుతుంటే నేనేం చెయ్యను అన్నాడు. తర్వాత లేచి బయటికి వెళ్ళాడు."

ఇంకొక్క దెబ్బ తగిలుంటే మంచం దిగేవాడు కాదని డాక్టరు చెప్పాడట వెల్మాకి. ఇప్పుడు రెండు వేళ్ళకి స్పర్శ వచ్చింది. మిగతావీ రావచ్చంటున్నారు.

శుక్రవారం, ఐదో తేదీ మధ్యాహ్నం బస్సులో దిగుతాను. నువ్వు రావద్దంటే హోటల్లో ఉంటాను. ఎమిల్‌కి చెప్పడమా మానడమా నీ ఇష్టం. ఆఖరి ఆటకి నేను అక్కడ ఉండాలి.

మీ అత్తయ్య

విలోబెండ్
నవంబరు 10

అత్తయ్యా,

క్షేమంగా చేరారా? ఆ చలిలో అంతసేపు కూర్చున్నారు, దగ్గు ముదరలేదు కదా?

మీరు వెళ్ళాక ఊళ్ళో మాటలన్నీ మీ గురించే. ఆగ్నెస్ గారు తన పక్కన కుషను వేసి మీ కోసం చోటు ఉంచారు. ఆవిడ ముందునుంచే నడిచి, కంచె తలుపు తీసుకుని, ఆటగాళ్ళ బెంచీ చివర కూర్చున్నారు మీరు. పైనుంచి ఎమిల్ మీద అరుస్తున్నవాళ్ళు మిమ్మల్ని చూసి తగ్గారు. ఓడిపోయాం, తెలిసిందే. కానీ ఇరవై – పద్నాలుగు అంటే ఓటమే కాదని రాండీ అంటున్నాడు. మనవాళ్ళు బంతిని రెండోసారి గీత దాటించిన ఆ టచ్‌డౌన్ నాకు మొత్తం అర్థమైంది, మొదటిసారి. బంతి ఎవరి దగ్గరుందో చివరిదాకా చూశాను.

అయినా నాకో బాధ మిగిలిపోయింది. మూడు రోజులు ఒకే ఇంట్లో ఉండి తల్లీకొడుకులు "ఉప్పు ఇటు ఇవ్వు" అన్న మాట తప్ప మాట్లాడుకోలేదు. సోమవారం మిమ్మల్ని లింకన్‌లో బస్సెక్కించడానికి వెళ్ళినవాడు భోజనాల వేళకు రావాల్సింది, రాత్రికి గానీ రాలేదు. రోడ్డు మీద ఏమైనా అయిందేమోనని నా ప్రాణం పోయింది. రాగానే బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడి పొద్దున దాకా నిద్రపోయాడు. సెప్టెంబరు తర్వాత అలా నిద్రపోవడం ఇదే.

ఏం జరిగింది? తనని అడిగితే, "అమ్మనే అడుగు" అన్నాడు.

సిగ్నీ

కాసా ఆల్టా
నవంబరు 15

అమ్మాయ్ సిగ్నీ,

దగ్గు ఉంది, పోతుంది. రోజీ ఆవిరి పట్టిస్తూ తిడుతోంది.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. బయల్దేరిన దగ్గర్నుంచీ ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం. సగం దారిలో ఎమిల్ కారు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"అమ్మా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నాన్నయితే ఏం చేసేవాడు?"

నువ్వడిగిన వాక్యం నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అయిపోయేది. కానీ వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు, నమ్మడానికి సిద్ధంగా. అలా చూసేవాడికి అబద్ధం చెప్పలేం.

"మీ నాన్న ఆడించేవాడు రా" అన్నాను. "డేల్‌ని కూడా ఆడించేవాడు. చెయ్యి బాగానే ఉందంటే నమ్మేవాడు. ఆయన అలాంటివాడే."

వాడు తల ఊపాడు. అదే అనుకుంటున్నానన్నట్టు. మళ్ళీ కారు కదిలించబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

"నేను చెప్పడం ఇంకా అయిపోలేదు. ఆయన ఆడించేవాడు. అది తప్పయ్యేది. ఆ పిల్లవాడు జీవితమంతా మంచంలో ఉండేవాడు, మీ నాన్న ప్రతి ఆదివారం వెళ్ళి వాడి పక్కన కూర్చుని ఏడ్చేవాడు, ఊరంతా ఆయన్ని గొప్పవాడనేది. నేనూ అనేదాన్ని. నువ్వు చేసింది సరైనది, ఎమిల్. మీ నాన్న చేయలేనిది. నేను పైన కూర్చుని నవ్వేవాళ్ళని చూశాను గానీ నిన్ను చూడలేదు."

సిగ్నీ, ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆయన ఏదైనా తప్పు చేసేవాడని బయటికి అనడం అదే మొదటిసారి. అనేశాక ఆయన వెనక సీట్లో కూర్చుని విన్నాడేమో అనిపించింది. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

ఎమిల్ స్టీరింగు మీద నుదురు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను, చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చినప్పుడు నిమిరినట్టు. ధాన్యం లారీలు పోతూ కారుని ఊపేస్తున్నాయి. లింకన్ బస్సు వెళ్ళిపోతుందని తెలుస్తూనే ఉంది. నేను గుర్తు చేయలేదు.

చివరికి తలెత్తి, చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

ముందుకెళ్ళి రోడ్డు పక్క హోటల్లో ఆగాం. వాడు రెండు ప్లేట్లు మాంసం కూర, బంగాళాదుంపలు తిన్నాడు. నేను తినకుండా చూస్తూ కూర్చున్నాను. తర్వాతి బస్సు సాయంత్రం కదా, మాకు తొందరేం లేదు.

ప్రేమతో,
అమ్మ